రాత్రిబడిలో ఏం చెప్పాలి?

వయోజన విద్య అనగానే మన కళ్లముందు ఒకే బొమ్మ కదులుతుంది. ఒక లాంతరు, ఒక పలక, పలక మీద వంకరటింకరగా ఒక సంతకం. వేలిముద్ర పోయి సంతకం వచ్చిందంటే పని పూర్తయినట్టు రిజిస్టర్లో రాసుకుంటారు. సంతకాన్ని నేను చిన్నచూపు చూడటం లేదు. షావుకారు తెచ్చిన కాగితం మీద బొటనవేలు అద్ది చేను పోగొట్టుకున్న తాతలు మన గూడేల్లో ఎంతోమంది. కానీ ఆ తాతకు ఆరోజు చదవడం వచ్చి ఉంటే చేను నిలిచేదా? కాగితంలో ఉన్నది చదువుకునేవాడు, అప్పు నిజమే కదా అని సంతకం పెట్టేవాడు. ఏజెన్సీలో ఆదివాసి భూమిని బయటివాళ్లకు రాసిచ్చినా చెల్లదన్న సంగతి తెలిసి ఉంటేనే ఆ చెయ్యి ఆగేది. అక్షరం వేరు, ఆ ఎరుక వేరు.

పెద్దలకు ఆ ఎరుక ఇచ్చే చదువు, అంటే చరిత్ర, రాజకీయం, దేశంలో నడుస్తున్న సంగతులు చెప్పే చదువు, మన దగ్గర ఎప్పుడెప్పుడు నడిచింది, ఎవరు నడిపారు, ఎందుకు ఆగింది అని చూడటానికే ఈ వ్యాసం. గూడెం బడుల్లో పనిచేసే ఉపాధ్యాయులకు, ఇంటరో డిగ్రీయో చదివి ఊళ్లో ఉన్న మన పిల్లలకు పనికొస్తుందని రాస్తున్నాను.

పెద్దల బడి మనకు ఎవరో తెచ్చిపెట్టింది అనుకోకూడదు. గోండుల్లో పెర్సపేన్ పూజ జరిగినప్పుడు ప్రధాన్ కిక్రి పట్టుకుని కూర్చుంటాడు. కొన్ని వంశాలకు తోటివాళ్లు ఆ పని చేస్తారు. రాత్రి మొదలైన కథ తెల్లవారేదాకా సాగుతుంది. నాలుగు దేవతల సగా ఎట్లా వచ్చింది, ఐదు, ఆరు, ఏడు దేవతలవాళ్లు ఎక్కడ విడిపోయారు, ఏ వంశం ఏ దారిన నడిచి ఏ కొండ దగ్గర ఆగింది, ఎవరు ఎవరికి అన్నదమ్ములు, ఎవరితో వియ్యం కుదురుతుంది, ఇదంతా అందులో ఉంటుంది. చుట్టూ కూర్చుని వినేది పెళ్లిళ్లయి పిల్లలున్నవాళ్లు. తప్పు చెబితే దిద్దే ముసలివాళ్లూ అక్కడే ఉంటారు. నేను ఉపాధ్యాయ శిక్షణ చదివిన రోజుల్లో మన దేశపు విద్యా చరిత్ర పాఠంలో గురుకులం ఉంది, బౌద్ధ విహారం ఉంది, మదర్సా ఉంది. కిక్రి లేదు.

అయితే కిక్రి చెప్పలేనిది కూడా ఒకటి వచ్చిపడింది. నిజాం కాలంలో అడవికి గీత గీశారు. ఈ గీత లోపల దున్నకూడదు, కట్టె కొట్టకూడదు, పశువులు మేపితే పన్ను కట్టాలి. గీత లోపల పడిన ఊళ్లను ఖాళీ చేయమన్నారు. పైన నడిచే సర్కారు భాష ఉర్దూ. సంతలో షావుకారు భాష మరాఠీ, తెలుగు. మన భాషలో ఒక్క హుకుం రాలేదు. ఏ కాగితం మీద తన ఊరు పోయిందో తెలియని మనిషికి కథ ఎంత బాగా తెలిసినా ఆ కాగితం ముందు నోరు రాదు. మన పెద్దల చదువులో మొదటి లోటు ఇక్కడ పుట్టిందని నా అభిప్రాయం.

1940లో జోడేఘాట్ కొండల్లో కుమ్రం భీము, ఆయన వెంట నిలిచినవాళ్లు పోలీసు తుపాకులకు బలయ్యారు. భీము వయసులో ఉన్నప్పుడు చాందా వైపు వెళ్లి, అక్కడ అచ్చు పనిలో ఉంటూ చదవడం, రాయడం నేర్చాడని, తర్వాత అస్సాం తేయాకు తోటల్లో కొన్నేళ్లు ఉన్నాడని, పోరాటానికి ముందు అర్జీ పట్టుకుని హైదరాబాదు దాకా పోయాడని పెద్దలు చెబుతారు. ఇందులో ఏ వివరం ఎంతవరకు నిజమో తేల్చడం నా పని కాదు. మన జనం తమ నాయకుణ్ణి తలుచుకునేటప్పుడు తుపాకీ కంటే ముందు ఆయన చదువును తలుచుకోవడం మాత్రం గమనించాల్సిన సంగతి. జల్, జంగల్, జమీన్ అన్న మూడు మాటలు ఈనాడు దేశంలో ఏ మూల ఆదివాసి సభకు వెళ్లినా వినబడతాయి.

ఆ కాల్పుల తర్వాత నిజాం సర్కారుకు ఒక ప్రశ్న మిగిలింది. ఇంత నెమ్మదైన జనం ఎందుకు తిరగబడ్డారు? దాని మూలం తెలుసుకోమని క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌ను పంపారు. ఆయన ఆస్ట్రియాలో పుట్టిన మానవశాస్త్రవేత్త. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేనాటికి చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు కావడంతో బ్రిటిష్‌వాళ్ల లెక్కలో శత్రుదేశస్థుడు. హైదరాబాద్ సంస్థానం ఎల్లలు దాటకుండా ఉండమన్నారు. అట్లా యుద్ధం ఆయనను మన కొండల్లో కట్టిపడేసింది. భార్య బెట్టీతో కలిసి ఈనాటి జైనూర్ మండలంలోని మార్లవాయిలో గుడిసె వేసుకున్నాడు. గోండీ నేర్చాడు. భూములు ఎట్లా పోయాయో, అడవి గీత ఎట్లా గీశారో, పట్వారీ ఏం చేశాడో రాసి సర్కారుకు ఇచ్చాడు. ఆ నివేదికలు 1945లో పుస్తకంగా వచ్చాయి.

1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. శిక్షణ ఎవరికి ఇవ్వాలి? చదువుకున్న గోండులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది కూడా దొరకని కాలం. మరాఠీలో నాలుగు ముక్కలు వచ్చిన కొద్దిమందిని వెతికి పట్టుకుని, వాళ్లకు నేర్పి, వాళ్లనే గూడేలకు పంతుళ్లుగా పంపారు. అంటే మన ప్రాంతంలో పిల్లల బడి కంటే ముందు పెద్దల బడి నడిచింది. వాచకాలు గోండీ భాషలో, దేవనాగరి లిపిలో అచ్చువేశారు. పక్కనున్న చాందా జిల్లాతో రాకపోకలు, మరాఠీ అలవాటు ఉన్నవాళ్లకు ఆ లిపి సులువని అట్లా చేశారు. ఆ కేంద్రం నుంచి పంతుళ్లే కాక గుమాస్తాలు, గ్రామాధికారులు, ఫారెస్టు గార్డులు కూడా వచ్చారు. అంతకుముందు చౌకీ దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషి, ఇప్పుడు తన సగావాడే ఒక కుర్చీలో కూర్చోవడం చూశాడు. రాజకీయ పాఠం అంటే ఇంతకంటే ఏం కావాలి?

ఆ తర్వాత గిరిజన వ్యవహారాలు చూసిన సేతుమాధవరావు పగ్డీ కూడా గోండీ నేర్చిన అధికారి. 1949లో ఆయన ఆదిలాబాద్ గోండుల మీద పుస్తకం రాశాడు. ఆ కొన్నేళ్లలోనే వేల ఎకరాలకు ఆదివాసుల పేరున పట్టాలు వచ్చాయి. కేస్లాపూర్ నాగోబా జాతరలో దర్బార్ పెట్టడం కూడా ఆ 1940లలోనే మొదలైంది. ఏడాదికి ఒకసారి అధికారి గూడెం జనం ముందు కూర్చుని వినాలి. ఇప్పుడు దర్బార్ అంటే వేదిక, శాలువాలు, మైకులు ఎక్కువయ్యాయి. మొదటి ఉద్దేశం మాత్రం ఊరివాడు లేచి నిలబడి తన మాట చెప్పడం.

మార్లవాయిని మెచ్చుకునేటప్పుడు ఒక మాట మరిచిపోవద్దని మన యువకులకు చెబుతాను. అది తుపాకీ మోగిన తర్వాత వచ్చిన బడి. భీము చావకపోతే ఆ శిక్షణ కేంద్రం వచ్చేది కాదు. పైగా దాని తాళం చెవి గూడెం చేతిలో ఎన్నడూ లేదు. మంచి అధికారి ఉన్నన్నాళ్లు నడిచింది. 1948లో సంస్థానం భారతదేశంలో కలిసింది, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. బడులు మామూలు విద్యాశాఖ కిందికి పోయాయి, గోండీ వాచకాలు మూలబడ్డాయి, పిల్లవాడికి తెలియని తెలుగులో, ఊరికి తెలియని పంతులు పాఠం మొదలుపెట్టాడు. హైమన్‌డార్ఫ్ 1970లలో తిరిగి వచ్చి చూసేసరికి, తాను పట్టాలు ఇప్పించిన భూములు చాలాచోట్ల బయటివాళ్ల చేతుల్లో ఉన్నాయి. ఆ బాధంతా 1982లో వచ్చిన తన పుస్తకంలో రాసుకున్నాడు. 1987లో చనిపోయిన బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది. అక్కడికి వెళ్లి దండం పెట్టి వచ్చేవాళ్లు చాలామంది. ఆ బడి ఎందుకు నిలవలేదని అడిగేవాళ్లు తక్కువ.

అదే కాలంలో మైదానంలో ఏం జరుగుతోందో కూడా కొంచెం చూడాలి. అక్కడ పెద్దల చదువు సర్కారు ఇచ్చింది కాదు, సర్కారు వద్దన్నది. నిజాం సంస్థానంలో సభ పెట్టాలంటే ముందే అనుమతి తీసుకోవాలి. గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు పేరు ఆనాటి చదువుకున్నవాళ్లందరికీ తెలుసు. రాజకీయ సభ పెట్టలేకపోతే గ్రంథాలయం పెట్టారు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్రభాషా నిలయం అట్లా వచ్చినవే. 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. ఆ తర్వాతి ఏళ్లలో రాత్రిబడులు, పత్రిక చదివి వినిపించడం పల్లెలకు పాకాయి. ఒకడు చదువుతాడు, ఇరవైమంది వింటారు. కోస్తాలో నిడుబ్రోలులో రంగా గారు రైతులకు పాఠశాల పెట్టారు. 1937లో ఒంగోలు దగ్గర కొత్తపట్నంలో యువకులకు వేసవి రాజకీయ పాఠశాల పెడితే సర్కారు దాన్ని నిషేధించి లాఠీలు ఝళిపించింది. చరిత్ర, అర్థశాస్త్రం చెప్పే క్లాసు మీద లాఠీ ఎందుకు పడుతుందో పై తరగతి పిల్లలను అడిగి చూడండి, మంచి చర్చ అవుతుంది.

ఈ గాలి మన కొండలకు ఆలస్యంగా వచ్చింది. వచ్చినచోట పంతుళ్ల ద్వారానే వచ్చింది. శ్రీకాకుళం ఏజెన్సీలో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం అనే ఇద్దరు బడి పంతుళ్లు సవర, జాతాపు గూడేల్లో ఉంటూ, షావుకారు అప్పు లెక్క ఎట్లా కడతాడో, పాలికాపుకు ఏడాది జీతం ఎంత రావాలో, అడవి మీద ఎవరికి ఏం హక్కు ఉందో చెప్పుకొచ్చారు. గిరిజన సంఘం పెరిగింది. 1967లో లేవిడి దగ్గర సభకు పోతున్న ఇద్దరు గిరిజనులను భూస్వాముల మనుషులు కాల్చి చంపారు. ఆ తర్వాతి కథ తుపాకుల కథ, రెండువైపులా ఎంతో నెత్తురు పారింది, దాని గురించి చాలా పుస్తకాలు ఉన్నాయి. నేను ఇక్కడ ఆగేది దానికి ముందటి ఏళ్ల దగ్గర. లెక్క తెలిసిన గూడెం కూలి పెంచమని అడగడానికి తుపాకీ పట్టలేదు. పది గూడేలవాళ్లు ఒకచోట కూర్చుని లెక్క వేసుకున్నారు. 1970లో భూ బదలాయింపు నిబంధనలను గట్టిగా బిగించడం వెనక ఆ అలజడి కూడా ఉంది.

తర్వాత ఢిల్లీ నుంచి పథకాలు మొదలయ్యాయి. 1978 అక్టోబరు 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమం వచ్చింది. 15 నుంచి 35 ఏళ్లవాళ్లు దాని లక్ష్యం. కాగితం మీద అది చాలా మంచి పథకం. అక్షరాస్యతతో పాటు బతుకుతెరువుకు పనికొచ్చే తెలివి, సామాజిక చైతన్యం, ఈ మూడూ ఉండాలని అందులోనే రాశారు. మూడోది చూడండి. పేదవాడు తన పేదరికానికి కారణం తెలుసుకోవాలని సర్కారే ఒప్పుకుని రాసిన మాట అది. గూడెం దాకా వచ్చేసరికి మిగిలింది మొదటిది ఒక్కటే, అదీ సగం. లాంతర్లు వచ్చాయి, కిరసనాయిలు రాలేదు. వాచకంలో వరి, బావి, కరణం ఉన్నాయి. జొన్న, వాగు, ఫారెస్టు గార్డు లేరు. పగలంతా చేన్లో వంగి పనిచేసి వచ్చిన ఆడమనిషి "అల, వల, తల" అని ఎన్ని రాత్రులు దిద్దుతుంది?

వాచకం బతుకును తాకితే ఏమవుతుందో చూపించింది నెల్లూరు జిల్లా. 1990లో అక్కడ సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. నేర్చుకునేవాళ్ల కోసం రాసిన వాచకాల్లో సీతమ్మ అనే ఆడమనిషి కథ పెట్టారు. మొగుడు కూలి డబ్బంతా సారాకు తగలేస్తే ఆమె ఏం చేసింది, ఊరి ఆడవాళ్లు ఎట్లా కలిశారు అన్నది ఆ పాఠం. దూబగుంట ఆడవాళ్లు ఆ పాఠం చదివారు, మాట్లాడుకున్నారు, వెళ్లి సారా దుకాణం మూయించారు. వాళ్లలో వర్ధినేని రోశమ్మ పేరు తర్వాత రాష్ట్రమంతా మోగింది. 1992కల్లా అది దూబగుంట దాటి, నెల్లూరు దాటి, జిల్లాలకు జిల్లాలు పాకింది. సారా వేలంపాటలు జరగకుండా ఆడవాళ్లు కలెక్టరేట్ల ముందు కూర్చున్నారు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, రెండేళ్లకే దాన్ని సడలించారు. (ఇక్కడ మనవాళ్లు ఒకటి గమనించాలి. గొడవ సర్కారు, కాంట్రాక్టర్లు కలిసి ప్యాకెట్లలో ఊరూరా పోసిన సారా మీద. పూజలో పేన్‌కు పెట్టే ఇప్పసారా సంగతి వేరు. ఈ రెంటినీ కలిపి మాట్లాడేవాళ్లకు తేడా చెప్పాల్సింది మనమే.)

నెల్లూరు ఆడవాళ్లకు ఆ కోపం వాచకం నేర్పలేదు. కోపం ముందే ఉంది. అయితే ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్కతె ఏడుస్తున్న సంగతి రాత్రిబడిలో అందరి సంగతి అయింది. సారా ఇంటి సమస్య అనుకున్నవాళ్లకు అది సర్కారు ఖజానా సమస్య అని, వేలంపాట ఎక్కడ ఎవరు పాడతారో తెలిసింది. వేలంపాట జరిగే చోటికే నేరుగా వెళ్లడం ఆ తెలివి వల్లనే. మార్లవాయిలో లేనిది ఇది. మార్లవాయి బడి గోండుకు కుర్చీ ఇచ్చింది, దూబగుంట బడి కుర్చీలో ఉన్నవాణ్ణి ప్రశ్న అడిగింది. నాకు రెండూ కావాలి.

ఇప్పటి సంగతికి వస్తాను. 1961 జనాభా లెక్కల్లో దేశంలోని గిరిజనుల్లో చదవడం, రాయడం వచ్చినవాళ్లు నూటికి 9 మంది కూడా లేరు. 2011 నాటికి 59 మంది. పెరిగింది, సంతోషమే. కానీ ఆ 59 మందిలో ఐదో షెడ్యూలు అంటే ఏమిటో తెలిసినవాళ్లు ఎంతమంది అన్న లెక్క ఏ జనాభా లెక్కల్లోనూ ఉండదు. మన గూడేల మీద నడిచే చట్టాలు మామూలు ఊళ్ల మీద నడిచేవాటికి వేరు. మామూలు ఊరి మనిషికి రాజకీయ జ్ఞానం లేకపోతే ఓటు విషయంలో మోసపోతాడేమో, మనకైతే కాళ్ల కింది నేల పోతుంది.

మా గూడెంలో కొన్నేళ్లుగా వారానికి ఒక రాత్రి కూర్చుంటున్నాం. పత్తి ఏరే రోజుల్లో, ఇప్పపువ్వు ఏరే రోజుల్లో నడవదు. మిగతా కాలంలో భోజనాలు అయ్యాక పటేల్ ఇంటి ముందు. పేపర్ తెలుగులో ఉంటుంది, మాట గోండీలో నడుస్తుంది. ఇంటర్ చదివిన పిల్ల చదువుతుంది, నేను మధ్యలో ఆపి అడుగుతాను. మొదట్లో వచ్చినవాళ్లు పదిమంది మగవాళ్లు. ఆడవాళ్లు రావడం మొదలయ్యాక ప్రశ్నలు మారాయి.

ఒక రాత్రి 1/70 గురించి చెబుతున్నాను. ఏజెన్సీ ప్రాంతంలో ఏ భూమి అయినా బయటివాడి చేతిలో ఉంటే అది మొదట ఆదివాసిదేనని చట్టం అనుకుంటుంది, కాదని నిరూపించుకోవాల్సింది వాడే. బయటివాడు బయటివాడికి అమ్మినా చెల్లదు. ఇంత చెప్పేసరికి వెనక కూర్చున్న ఒక ముసలి బాయి అడిగింది, "ఇంత మంచి చట్టం ఉండంగ మా చేను ఎట్ల పోయింది మాస్టరూ?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి మూడు వారాలు పట్టింది. ఆంధ్ర ఏజెన్సీలో 1917లోనే ఒక చట్టం ఉంది, 1959లో కొత్త నిబంధనలు వచ్చాయి, వాటిని తెలంగాణ ఏజెన్సీకి వర్తింపజేసింది 1963లో, బిగించింది 1970లో. ఒక్కో తేదీ చెప్పి, అప్పటికి ఊళ్లో ఏ చేను ఎవరు దున్నుతున్నారో పెద్దవాళ్లను అడిగాం. ఒక ముసలాయన ఏళ్లు చెప్పలేడు. కానీ ఫలానా కరువు తర్వాత, రోడ్డు పడకముందు, పెద్దకొడుకు పుట్టిన ఏడు అని చెబుతాడు. పిల్లలు వాటిని ఏళ్లలోకి మార్చి గోడ మీద బొగ్గుతో రాశారు. చట్టం ఒక వరుసలో, చేలు ఒక వరుసలో. బినామీ పేర్లు, కోర్టు స్టేలు, మన పిల్లను పెళ్లి చేసుకుని ఆమె పేరున కొనడం, ఒక్కోటి ఎక్కడ జరిగిందో ఆ గోడ మీదే కనబడింది. నేను పుస్తకం పట్టుకుని ఏడాది చెప్పినా ఇది వచ్చేది కాదు.

ఫోన్లు వచ్చాక ఇంకో పని పెరిగింది. ఒక కుర్రవాడు 1/70 రద్దయిందని మెసేజ్ చూపించాడు. గూడెమంతా గాబరా. ఎవరు రాశారు, ఏ తేదీ, ఏ కోర్టు, కేసు పేరేమిటి అని అడిగితే మెసేజ్‌లో ఏదీ లేదు. ఆ నాలుగు ప్రశ్నలు ఇప్పుడు పిల్లలకు నోటికి వచ్చు. ఉత్త పుకారుకూ నిజమైన వార్తకూ తేడా తెలియడం మనకు చాలా అవసరం, ఎందుకంటే నిజంగానే పెద్ద దెబ్బలు తగిలిన రోజులున్నాయి. 2014లో ఒక ఆర్డినెన్సుతో పోలవరం ముంపు మండలాలు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పోయాయి. 2020 ఏప్రిల్ 22న, అందరం ఇళ్లలో తలుపులు వేసుకుని కూర్చున్న లాక్‌డౌన్ రోజుల్లో, సుప్రీంకోర్టు 3వ నంబరు జీవోను కొట్టేసింది. షెడ్యూల్డు ప్రాంతంలో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే ఇవ్వాలన్న 2000 నాటి జీవో అది. దానికి ముందు 1986లో వచ్చిన 275 జీవో ఉంది. వాటి వెనక ఉన్న ఆలోచన మార్లవాయిలో 1943లో మొదలైందే, గూడెం పంతులు గూడెం మనిషి అయి ఉండాలన్నది. ఈ వరుస తెలియని మన డి.ఎడ్ పిల్లలు ఆ తీర్పును ఉద్యోగాల గొడవగా మాత్రమే చూశారు. పిల్లవాడి మొదటి భాష ఎవరి నోట వినబడాలన్న ప్రశ్న దానిలో ఉందని ఎవరూ వాళ్లకు చెప్పలేదు.

గెలిచినవీ చెప్పాలి. 1997 జూలైలో సమత కేసులో సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంతంలోని సర్కారు భూమిని కూడా ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకు ఇవ్వకూడదన్నది. విశాఖ ఏజెన్సీలో బొర్రా వైపు మొదలైన కేసు ఇది. బొర్రా గుహలు చూడటానికి వెళ్లే మన పిల్లలకు ఈ సంగతి తెలియాలి. ఇంకా వెనక్కి పోతే, 1946 డిసెంబరులో రాజ్యాంగ సభలో లేచి నిలబడి నేను జంగ్లీని అని గర్వంగా చెప్పుకున్న జైపాల్ సింగ్ ముండా ఉన్నాడు. మన రాత్రిబడిలో ఆయన గురించి చెప్పిన రోజు ఒకాయన, "మనోడు అక్కడ దాక పోయిండా దాదా" అని రెండుసార్లు అడిగాడు.

వేడెక్కే సంగతులు కూడా వస్తాయి. 1976 చట్టంతో తెలంగాణ ప్రాంతంలో లంబాడాలు ఎస్టీ జాబితాలోకి వచ్చిన విషయం, దాని చుట్టూ 2017 చివర్లో రేగిన ఘర్షణలు మన ప్రాంతంలో ఎవరూ మరిచిపోలేదు. దీన్ని రాత్రిబడిలో మాట్లాడవద్దని సలహా ఇచ్చినవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. అక్కడ మాట్లాడకపోతే ఫోన్లో మాట్లాడతారు, తిట్లతో మాట్లాడతారు. చట్టం కాగితం ముందు పెట్టుకుని, ఎవరు ఎప్పుడు ఏం అడిగారో తేదీలతో చెప్పుకుంటే గొంతు దానంతటదే తగ్గుతుంది. పక్క తండాలో ఉన్నదీ ఎకరం, రెండెకరాల మనుషులేనని గుర్తుచేసేవాళ్లు ఒకరిద్దరు ఎప్పుడూ ఉంటారు. మన హక్కు మనం అడగడానికి వాళ్లను తిట్టనక్కరలేదు.

ఈ పని మొదలుపెట్టాలనుకునే ఉపాధ్యాయ మిత్రులకు నాలుగు మాటలు. వాచకం కోసం ఎదురుచూడొద్దు. ఊరి పహాణీ నకలు, రేషన్ కార్డు, కరెంటు బిల్లు, పంచాయతీ నోటీసు, ఇవే మొదటి వాచకాలు. చరిత్రకు ఊరి పేరుతో మొదలుపెట్టండి. నిర్మల్ పోయినవాళ్లు ఉంటే 1860లో రాంజీ గోండును ఉరితీసిన మర్రి దగ్గరికి కథ తీసుకుపోవచ్చు. లిపి గురించి పిల్లలు అడిగితే నార్నూర్ మండలం గుంజాల చూపించండి. అక్కడ మన లిపిలో రాసిన పాత చేతిరాత పుస్తకాలు బయటపడ్డాయి, 2018లో ఆ లిపికి యూనికోడ్‌లో చోటు దొరికింది. మనకు రాత లేదన్న మాట నమ్మి పెరిగిన పెద్దలకు ఇది చెప్పి చూడండి. ప్రధాన్ పెద్దలు ఉన్న ఊళ్లో వాళ్లను పిలిచి ముందు కూర్చోబెట్టండి. వాళ్ల కథ అయ్యాకే మన పేపర్.

అన్నిటికంటే ముందు చెప్పాల్సిన పాఠం మాత్రం గ్రామసభ. 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం రెండూ దాని మీదే నిలబడ్డాయి. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న అటవీ భూమికి హక్కు అడిగే దరఖాస్తు మొదట వచ్చేది గ్రామసభకే. అది పరిశీలించే కమిటీని ఎన్నుకునేదీ గ్రామసభే, అందులో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. ఆ సభ చెల్లాలంటే సగం మందికి తగ్గకుండా రావాలి, వచ్చినవాళ్లలోనూ మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. చాలా గూడేల్లో ఈ లెక్క ఎవరికీ తెలియదు. ఎవరో ఖాళీ పుస్తకంలో సంతకాలు చేయించుకుని పోతారు, తీర్మానం తర్వాత రాస్తారు. సంతకం నేర్పిన వయోజన విద్య ఇక్కడ వాళ్లకే పనికొచ్చింది.

పోయిన ఏడు మా గూడెంలో అట్లాంటి పుస్తకం ఒకటి వచ్చింది. పేజీ పైన ఏమీ రాసి లేదు. చేను ఎట్లా పోయిందని అడిగిన బాయే దాన్ని అందుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, "మీది రాత ఏది?" అంది. ఆమెకు చదవడం రాదు, ఖాళీ పేజీ గుర్తుపట్టడం వచ్చు. తెచ్చినవాళ్లు మళ్లీ వస్తామని వెళ్లారు. పదిహేను రోజుల తర్వాత సభ పెట్టారు. తలలు లెక్కపెట్టింది ఇంటర్ పిల్ల. ఆడవాళ్లు ఏడుగురు తక్కువైతే చేన్లలోకి మనుషులను పంపి పిలిపించారు. తీర్మానం మొదట గోండీలో చెప్పుకున్నారు, తర్వాత తెలుగులో రాసి, చదివి వినిపించి, అప్పుడు సంతకాలు, వేలిముద్రలు పెట్టారు. నకలు ఒకటి పటేల్ ఇంట్లో రేకుపెట్టెలో ఉంది.